భావజాలాల పటాలు: రాజనీతి శాస్త్రంలో ఈ అధ్యాయాన్ని నేను చదివిన తీరు

రాజనీతి శాస్త్రం తీసుకుని పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రులు భావజాలాల అధ్యాయానికి వచ్చేసరికి సాధారణంగా ఒక పట్టిక తయారు చేసుకుంటారు. ఉదారవాదం, సంప్రదాయవాదం, సామ్యవాదం, అరాచకవాదం, ఫాసిజం అని నిలువుగా రాసుకుని, ఒక్కొక్కదాని ఎదుట ముఖ్యులైన ఆలోచనాపరులు, లక్షణాలు, విమర్శలు నింపుకుంటారు. విడిగా ఒక భావజాలం మీద వచ్చే ప్రశ్నకు ఆ పట్టిక సరిపోతుంది. కానీ భావజాలాలను ఏ ప్రాతిపదికన వర్గీకరిస్తారు, ఎడమ, కుడి అనే విభజనకు ఇప్పటికీ విలువ ఉందా అని అడిగినప్పుడు అది అక్కరకు రాదు. అందుకే ఈ అధ్యాయాన్ని నేను పటాల వైపు నుంచి, అంటే భావజాలాలను ఒకటి రెండు అక్షాల మీద గుర్తించే బొమ్మల వైపు నుంచి చదివాను. ప్రతి పటం దగ్గరా మూడు సంగతులు తేల్చుకున్న తర్వాతే ముందుకు వెళ్ళాను: దీని అక్షం ఏ ప్రశ్న అడుగుతోంది, ఒక పార్టీనో మనిషినో ఫలానా చోట పెట్టడానికి దేన్ని కొలిచారు, ఏ భావజాలం ఇందులో ఇమడదు.

ఎడమ-కుడి రేఖతో మొదలుపెట్టండి. 1789లో ఫ్రాన్స్ జాతీయ సభలో, రాజుకు చట్టాలను తోసిపుచ్చే సంపూర్ణ అధికారం ఉండాలన్నవారు అధ్యక్షుడికి కుడివైపున, దాన్ని వ్యతిరేకించినవారు ఎడమవైపున కూర్చున్నారన్న వృత్తాంతం అందరికీ తెలిసిందే. చాలామంది దాన్ని ఉపోద్ఘాతంలో ఒక వాక్యంగా రాసి వదిలేస్తారు. అందులో గమనించవలసింది ఏమిటంటే, ఆనాటి ప్రశ్న రాజు అధికారానికి సంబంధించినది. మార్కెట్, ప్రణాళిక, కార్మిక హక్కులు ఆ రేఖ మీదకు పందొమ్మిదో శతాబ్దపు కార్మికోద్యమాలతో పాటు వచ్చి చేరాయి. 1957లో అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ అదే రేఖను ఆర్థిక వ్యవస్థలో ప్రభుత్వ జోక్యం ఎంత ఉండాలన్న కొలబద్దగా మార్చాడు: ఎడమ చివర సంపూర్ణ ప్రభుత్వ నియంత్రణ, కుడి చివర పూర్తిగా స్వేచ్ఛా విపణి. 1994లో ఇటలీ తాత్వికుడు నార్బెర్తో బొబ్బియో రెండు పక్షాలనూ వేరుచేసేది సమానత్వం పట్ల వైఖరేనని వాదించాడు. అంటే రేఖ ఒకటే అయినా దాని మీద అడిగిన ప్రశ్నలు మూడు. ఇప్పుడు ఫాసిజాన్ని తీసుకోండి. మనుషుల మధ్య అసమానతనే సిద్ధాంతంగా నిలబెట్టింది కాబట్టి బొబ్బియో కొలతలో అది కుడి చివరకు చేరుతుంది. ఆర్థిక వ్యవస్థ మీద రాజ్యం పెత్తనాన్ని సమర్థించింది కాబట్టి డౌన్స్ కొలతలో అంత కుడికి వెళ్ళలేదు. ఈ ఒక్క ఉదాహరణను సరిగ్గా వివరించిన జవాబు, నిర్వచనాలను వరుసగా పేర్చిన జవాబు కంటే బరువుగా ఉంటుందని నా అభిప్రాయం.

రెండు అక్షాల పటాలలో మనస్తత్వ శాస్త్రవేత్త హాన్స్ ఐసెంక్ 1954లో ప్రతిపాదించినది ముందు చదవాలి. ప్రశ్నావళికి వచ్చిన సమాధానాలను గణాంక పద్ధతిలో విశ్లేషించి, సమూల మార్పువాద-సంప్రదాయవాద అక్షానికి తోడుగా కఠిన మనస్తత్వం, మృదు మనస్తత్వం అనే మరో అక్షాన్ని ఆయన చేర్చాడు. కమ్యూనిస్టులు, ఫాసిస్టులు మొదటి అక్షం మీద దూరంగా ఉన్నా రెండో అక్షం మీద ఇద్దరూ కఠినులే అన్నది ఆయన వాదన. ఆయన సేకరించిన సమాచారమే ఆ నిర్ధారణను బలపరచడం లేదని 1956లోనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త మిల్టన్ రోకీచ్ తదితరులు విమర్శించారు. రెండు చివరలూ దగ్గరకు వస్తాయనే గుర్రపు నాడా సిద్ధాంతాన్ని ఇక్కడే కలిపి చదివితే చాలు. దానికి విడిగా పేజీలు కేటాయించనక్కరలేదు.

అదే రోకీచ్ 1973లో ఇచ్చిన పటం మీద మాత్రం ఒక పూట కూర్చోవడం మంచిది, ఎందుకంటే కొలత ఎలా జరిగిందో అందులో కళ్ళకు కడుతుంది. సామ్యవాద రచయితలు, హిట్లర్, అమెరికా సంప్రదాయవాది బారీ గోల్డ్‌వాటర్, లెనిన్‌ల రచనల నుంచి భాగాలు తీసుకుని, 17 విలువల ప్రస్తావనలను లెక్కించి, ఎవరి రచనలో ఏ విలువ ఎన్నో స్థానంలో ఉందో చూశాడు. సామ్యవాదుల దగ్గర స్వేచ్ఛ, సమానత్వం రెండూ పైన ఉన్నాయి. హిట్లర్ దగ్గర రెండూ అట్టడుగున ఉన్నాయి. గోల్డ్‌వాటర్ దగ్గర స్వేచ్ఛ పైన, సమానత్వం కింద. లెనిన్ దగ్గర ఇది తలకిందులు. నాలుగు మూలలూ ఇంత పొందికగా నిండడం చూసి ముచ్చటపడి ఆగిపోకూడదు. గోల్డ్‌వాటర్‌కు స్వేచ్ఛ అంటే ప్రభుత్వం అడ్డు రాకపోవడం, సామ్యవాదికి పేదరికం నుంచి బయటపడగలగడం కూడా. ప్రస్తావనలను లెక్కించే పద్ధతి ఈ తేడాను పట్టుకోలేదు. విమర్శలో రాయవలసింది ఇదే.

దీని పక్కనే డేవిడ్ నోలన్ చార్టును పెట్టి చూడాలి. 1969లో రూపొందించి 1971లో ప్రచురించిన ఈ చార్టులో ఆర్థిక స్వేచ్ఛ ఒక అక్షం, వ్యక్తిగత స్వేచ్ఛ రెండో అక్షం. నోలన్ అమెరికాలో, ప్రభుత్వ పాత్ర వీలైనంత తక్కువగా ఉండాలనే లిబర్టేరియన్ పార్టీ స్థాపకులలో ఒకడు. రెండు స్వేచ్ఛలూ నిండుగా ఉన్న మూల ఆయన సొంత పక్షానిదే. తర్వాతి కాలంలో ప్రచారానికి ఆ చతురస్రాన్ని వజ్రంలా తిప్పి నిలబెట్టినప్పుడు ఆ మూలే శిఖరమైంది. రోకీచ్ పటంలో రెండు విలువలూ కలిగి అన్నిటికంటే ఎత్తున ఉన్న సామ్యవాదం ఇక్కడ ఆర్థిక స్వేచ్ఛ కొరవడినదిగా ఒక పక్కకు జరుగుతుంది, ఎందుకంటే సమానత్వాన్ని అడిగే అక్షమే ఇందులో లేదు. రెంటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన గీసి సామ్యవాదం ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందో బాణం గుర్తుతో చూపిస్తే, పటం గీసినవాడి వైఖరి పటంలోకి ఎలా వస్తుందో పరీక్షకుడికి వేరే చెప్పనక్కరలేదు. 2001లో ఇంటర్నెట్‌లోకి వచ్చిన, జవాబులను బట్టి మన చోటు చూపించే పొలిటికల్ కంపాస్ ప్రశ్నావళిని చాలామంది సరదాకు చేసి చూసే ఉంటారు; ఆర్థికంగా ఎడమ-కుడి, సామాజికంగా అధికారవాదం-స్వేచ్ఛావాదం అనే దాని రెండు అక్షాలు గుర్తుంటే చాలు.

నాకు అన్నిటికంటే ఉపయోగపడిన అభ్యాసం, ఒకే భావజాలాన్ని అన్ని పటాల మీదా నడిపించి చూడటం. అందుకు అరాచకవాదాన్ని మించినది లేదు. రష్యా అరాచకవాది క్రొపోట్కిన్, అమెరికా ఆర్థికవేత్త మరే రాత్‌బార్డ్ ఇద్దరూ రాజ్యం ఉండకూడదన్నవారే, కానీ క్రొపోట్కిన్ సొత్తు అందరిదీ కావాలన్నాడు, రాత్‌బార్డ్ సర్వమూ ప్రైవేటు ఆస్తిగా మార్కెట్ చేతుల్లో ఉండాలన్నాడు. ప్రభుత్వ జోక్యాన్ని మాత్రమే కొలిచే డౌన్స్ రేఖ మీద జోక్యం సున్నా కాబట్టి క్రొపోట్కిన్ కుడి చివరకు వెళ్ళవలసి వస్తుంది, ఆయన రచనలు చదివిన ఎవరూ దానికి ఒప్పుకోరు. కంపాస్ మీద ఇద్దరూ స్వేచ్ఛావాదానికి కేటాయించిన అడుగు భాగంలోనే ఉన్నా ఒకరు ఎడమ మూలకు, ఒకరు కుడి మూలకు విడిపోతారు. నోలన్ చార్టు మీద రాత్‌బార్డ్ శిఖరాన నిలుస్తాడు. క్రొపోట్కిన్ మాత్రం తన సమాజంలో ఆర్థిక స్వేచ్ఛ కూడా సంపూర్ణమే అంటాడు, ఆ మాటను చార్టు అంగీకరించదు. సంప్రదాయవాదంతో ఇంకో రకం చిక్కు వస్తుంది. అప్పటికి నెలకొని ఉన్న వ్యవస్థకు ముప్పు వచ్చినప్పుడు దాన్ని కాపాడటానికి పుట్టే ఆలోచనే సంప్రదాయవాదమని 1957లో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త శామ్యూల్ హంటింగ్టన్ చెప్పిన మాట ప్రకారం, అది కాపాడే వ్యవస్థను బట్టి పటం మీద దాని చోటు కూడా మారుతూ ఉంటుంది.

స్త్రీవాదం, పర్యావరణవాదం, జాతీయవాదం ఏ పటం మీదా కుదురుగా కూర్చోవు. వాటి కోసం రాజనీతి సిద్ధాంతకర్త మైకేల్ ఫ్రీడన్ పద్ధతిని తప్పకుండా చదవండి. ఆయన 1996లో భావజాలాన్ని ఒక బిందువుగా గుర్తించడం మానేసి, కేంద్ర భావనలు, వాటిని ఆనుకున్న భావనలు, అంచు భావనలు అనే అమరికగా చూపించాడు. ఉదారవాదానికి స్వేచ్ఛ కేంద్రంలో ఉంటుంది. సామ్యవాదంలోనూ స్వేచ్ఛ ఉంటుంది కానీ దాని చుట్టూ చేరిన భావనలు వేరు కాబట్టి అర్థం మారుతుంది. రోకీచ్ లెక్కకు అందని తేడా ఇక్కడ అందుతుంది. జాతీయవాదం లాంటి వాటికి సొంత కేంద్రం పలుచగా ఉండి, తక్కిన సరంజామాను ఇతర భావజాలాల నుంచి తెచ్చుకుంటాయని కూడా ఆయన వివరించాడు.

పార్టీలను, ఓటర్లను వర్గీకరించే సిద్ధాంతాలను నోట్స్‌లో వేరే భాగంలో రాసుకోవడం మంచిది, ఎందుకంటే అక్కడ కొలిచే వస్తువే వేరు. 1967లో లిప్సెట్, రొక్కాన్ అనే పరిశోధకులు సమాజంలో చూపిన నాలుగు చీలికలు, అంటే కేంద్రం-అంచు ప్రాంతాలు, రాజ్యం-చర్చి, వ్యవసాయం-పరిశ్రమ, యజమాని-కార్మికుడు, పశ్చిమ యూరప్ చరిత్ర నుంచి వచ్చినవని గుర్తుంచుకోవాలి. ఆర్థిక భద్రత కంటే స్వీయ వ్యక్తీకరణ లాంటి విలువలకు జనం ప్రాధాన్యమిస్తున్నారన్న ఇంగిల్‌హార్ట్ 1977 నాటి భౌతికవాదానంతర విలువల వాదన, 2002లో హూగ్, గ్యారీ మార్క్స్, విల్సన్ యూరప్ పార్టీలకు వాడిన గాల్-టాన్ అక్షం ఆ తర్వాత వస్తాయి. గాల్ వైపు హరిత, ప్రత్యామ్నాయ, స్వేచ్ఛావాద ధోరణులు, టాన్ వైపు సంప్రదాయ, అధికారవాద, జాతీయవాద ధోరణులు ఉంటాయి.

ఎడమ-కుడి విభజనకు కాలం చెల్లిందా అన్న ప్రశ్నకు నేను రాసి చూసుకున్న క్రమం ఇది. సమానత్వం మీద విభేదం ఉన్నంత కాలం విభజన ఉంటుందన్న బొబ్బియోతో మొదలుపెట్టి, గాల్-టాన్ చూపించే రెండో అక్షంతో దానికి పరిమితి గీసి, చివరన ఓటర్ల ఆలోచనా తీరును పరిశోధించిన ఫిలిప్ కాన్వర్స్‌ను తెచ్చాను. 1956 నాటి అమెరికా సర్వేలో భావజాలపు కొలమానాన్ని నిజంగా వాడుతూ రాజకీయాల గురించి మాట్లాడినవారు సుమారు 2.5 శాతమేనని ఆయన 1964లో రాశాడు. దీన్ని బట్టి, నాయకులను, పార్టీలను ఈ పటాల మీద గుర్తించినంత నమ్మకంగా సామాన్య ఓటరును గుర్తించలేమని రాశాను. బొమ్మ ఒక్కటే గీసి, అక్షాల నాలుగు చివరలకూ పేర్లు రాసి, అందులో ఇమడని భావజాలం ఏదో బొమ్మ కిందనే ఒక వాక్యంలో చెప్పాను.