ఫోన్ రీసెట్ కొట్టే ముందు

కిరాయి స్పైవేర్ (కంపెనీలు ప్రభుత్వాలకు అమ్మే రహస్య నిఘా సాఫ్ట్‌వేర్) మీ ఫోన్‌కు గురిపెట్టిందని ఆపిల్ నుంచో వాట్సాప్ నుంచో హెచ్చరిక వస్తే, చాలామంది చెయ్యి ముందుగా వెళ్లేది ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ మీదికే. ఆ కంగారు సహజమే. కానీ రీసెట్ కొట్టిన క్షణంలో ఆ స్పైవేర్ అమ్మిన కంపెనీ నెత్తిన పాలు పోసినట్టే. ఎలాగో తెలియాలంటే ముందు వాళ్లు అమ్మే సరుకేమిటో చూడాలి.

ఎన్‌ఎస్‌ఓ, ఇంటెలెక్సా, పారగాన్ లాంటి కంపెనీలు ప్రభుత్వాలకు అమ్మేది పేరుకు సాఫ్ట్‌వేర్. అసలు సరుకు మాత్రం ఫోన్ తయారుచేసినవాళ్లకే ఇంకా తెలియని లోపాలు. 2016లో పత్రికలకు చిక్కిన ఎన్‌ఎస్‌ఓ ధరల ప్రకారం వ్యవస్థ ఏర్పాటుకు 5 లక్షల డాలర్లు, 10 ఐఫోన్ల మీద నిఘాకు ఇంకో 6.5 లక్షల డాలర్లు, ఆపైన నిర్వహణ పేరుతో ఏటా 17 శాతం. లోపం దొరికిపోయి ఆపిల్ దాన్ని పూడ్చేస్తే ఇంకోటి వెతకాలి, లేదా కొనాలి. 2019లో జీరోడియం అనే దళారీ కంపెనీ, యజమాని ఏమీ నొక్కకుండానే ఐఫోన్‌లోకి చొరబడి అక్కడే తిష్ఠ వేసే పద్ధతికి 20 లక్షల డాలర్ల దాకా ఇస్తానని ప్రకటించింది. అంత విలువైన లోపం బయటపడటమే ఈ వ్యాపారానికి అసలు నష్టం. దాన్ని బయటపెట్టగల ఆనవాళ్లు మీ ఫోన్‌లో ఉంటాయి.

2021లో జరిగింది చూడండి. సౌదీకి చెందిన ఒక ఉద్యమకారుడి ఐఫోన్ బ్యాకప్‌ను టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు మళ్లీ తిరగేస్తుంటే మెసేజ్ అటాచ్‌మెంట్లలో జిఫ్ (కదిలే బొమ్మల ఫైల్) పేరుతో వింత ఫైళ్లు కనిపించాయి. నిజానికి అవి జిఫ్‌లు కావు, వాటిలో కొన్ని పీడీఎఫ్‌లు. ఆ పీడీఎఫ్‌ల లోపల జేబిగ్2 అనే పాతకాలపు స్కానర్ బొమ్మల ఫార్మాట్ ఉంది. దాన్ని విప్పే కోడ్‌లోని లోపాన్ని పట్టుకుని, దాడి చేసినవాళ్లు 70,000కు పైగా ఆదేశాలతో బొమ్మ విప్పే ప్రక్రియలోనే ఒక చిన్న కంప్యూటర్ లాంటిదాన్ని నిర్మించేశారు. మెసేజ్ తెరవక్కర్లేదు, రావడమే చాలు. సిటిజన్ ల్యాబ్ ఆ ఫైళ్లను సెప్టెంబర్ 7న ఆపిల్‌కు పంపింది, 13న ఐఓఎస్ 14.8 వచ్చింది. ఒక మనిషి ఫోన్ బ్యాకప్ వల్ల ప్రపంచంలో ఆ అప్‌డేట్ వేసుకున్న ఐఫోన్లన్నిటికీ ఆ తలుపు మూసుకుంది. ఆ ఫోన్ అప్పటికే రీసెట్ అయిపోయి, బ్యాకప్ కూడా లేకపోయి ఉంటే ఆ దారి ఇంకెన్నాళ్లు తెరిచి ఉండేదో.

సాక్ష్యాలు కోర్టులోనూ పనికొస్తాయి. 2019లో సుమారు 1,400 ఫోన్ల మీద జరిగిన దాడిపై వాట్సాప్ వేసిన దావాలో, 2025 మేలో జ్యూరీ ఎన్‌ఎస్‌ఓకు 16.7 కోట్ల డాలర్లకు పైగా జరిమానా వేసింది. జడ్జి తర్వాత దాన్ని దాదాపు 40 లక్షల డాలర్లకు కుదించారు, కానీ వాట్సాప్ జోలికి పోకూడదని నిషేధం విధించారు. నా దృష్టిలో ఆ డబ్బు కన్నా ఈ నిషేధమే పెద్ద దెబ్బ.

అందుకని హెచ్చరిక వస్తే ఏదీ చెరపకండి, రీసెట్ వద్దు, అప్‌డేట్ కూడా కాసేపు ఆపండి. ముఖ్యమైన మాటలన్నీ వేరే పరికరంలోకి మార్చండి. ఈ ఫోన్‌ను పక్క గదిలో పెట్టండి, మైక్ కూడా వాళ్ల చేతిలో ఉండొచ్చు.

ఐఫోన్ అయితే మొదట సిస్‌డయాగ్నోజ్, అంటే ఫోన్ లోపల జరిగినవాటి చిట్టా ఫైల్, తీయాలి. రెండు వాల్యూమ్ బటన్లూ, పక్క బటనూ కలిపి ఒకటి, ఒకటిన్నర సెకన్లు నొక్కి వదలండి. చిన్న వణుకు వస్తుంది. ఎక్కువసేపు పట్టుకుంటే పవర్ ఆఫ్ స్లైడర్ వచ్చేస్తుంది, అప్పుడు రద్దుచేసి మళ్లీ నొక్కాలి. పది నిమిషాలు ఆగి సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో అనలిటిక్స్ అండ్ ఇంప్రూవ్‌మెంట్స్, అందులో అనలిటిక్స్ డేటా తెరిస్తే ఆనాటి తేదీతో ఫైల్ ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌లోకి పంపండి.

తర్వాత కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి పూర్తి బ్యాకప్ తీయండి. 'ఎన్‌క్రిప్ట్' (పాస్‌వర్డ్‌తో తాళం వేయడం) అన్న గడిలో టిక్ తప్పనిసరి. అది లేకపోతే కాల్ వివరాలు, సఫారీ హిస్టరీ బ్యాకప్‌లోకి రావు. వెతకాల్సింది ముఖ్యంగా అక్కడే. పాస్‌వర్డ్ కాగితం మీద రాసిపెట్టుకోండి, మర్చిపోతే ఆ బ్యాకప్ తెరుచుకోదు.

ఆ బ్యాకప్‌ను పరీక్షించడానికి మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2021లో విడుదలచేసిన ఎంవీటీ అనే ఉచిత పనిముట్టు ఉంది. బ్యాకప్‌ను డిక్రిప్ట్ చేసి, తెలిసిన స్పైవేర్ ఆనవాళ్ల జాబితాతో పోల్చి చూపిస్తుంది. తప్పులు జరిగేది ఫలితం చదవడంలో. ఏమీ దొరకలేదంటే ఫోన్ శుభ్రంగా ఉందని కాదు, జాబితాలో ఉన్నవేవీ తగల్లేదని మాత్రమే. ఎస్సెమ్మెస్‌లో అనుమానపు లింక్ దొరికితే అది పంపారని తెలుస్తుంది, ఫోన్‌లోకి దిగారని రుజువు కాదు. అందుకే పాత్రికేయులు, ఉద్యమకారులు, హక్కుల సంఘాలవాళ్లు సొంతంగా తేల్చుకోకుండా డిజిటల్ హక్కుల సంస్థ యాక్సెస్ నౌ హెల్ప్‌లైన్‌ను సంప్రదించడం మంచిది. ఆండ్రాయిడ్‌లో మిగిలే ఆనవాళ్లు చాలా తక్కువ, కాబట్టి అక్కడ నిపుణుల అవసరం ఇంకా ఎక్కువ.

కాపీలు భద్రంగా చేరాకే అప్‌డేట్, రీస్టార్ట్. ఈ స్పైవేర్‌లలో చాలావాటికి రీస్టార్ట్ తర్వాత ఫోన్‌లో నిలిచే శక్తి ఉండదు, మళ్లీ చొరబడాలి. చొరబడిన ప్రతిసారీ పట్టుబడే ప్రమాదం వాళ్లదే. అందుకే రోజుకోసారి ఫోన్ రీస్టార్ట్ చేయడం చిన్న విషయమేమీ కాదు.

ఆపైన ఐఫోన్ సెట్టింగ్స్‌లో ఉండే గట్టి రక్షణ, లాక్‌డౌన్ మోడ్. మెసేజ్‌లలో చాలా రకాల అటాచ్‌మెంట్లను, లింక్ ప్రివ్యూలను, కొత్తవాళ్ల ఫేస్‌టైమ్ కాల్స్‌ను ఆపేస్తుంది. కొన్ని వెబ్‌సైట్లు సరిగ్గా తెరుచుకోవు. ఆ చిరాకుతో చాలామంది మోడ్‌నే తీసేస్తారు. అలా వద్దు, ఆ ఒక్క సైట్‌కు మినహాయింపు ఇచ్చుకునే వీలుంది. ఐఫోన్‌లో పెట్టినంత మాత్రాన ఐప్యాడ్‌కు, మ్యాక్‌కు ఆ రక్షణ రాదు. ఒక్కోదాంట్లో విడిగా ఆన్ చేయాలి.