హియరింగ్ ఎయిడ్ నుంచి కాక్లియర్ ఇంప్లాంట్ దాకా: నా అనుభవం

చెవి మిషన్ పెట్టుకున్నా మాట అర్థం కావట్లేదంటే ఎవరైనా సౌండ్ పెంచమనే అడుగుతారు. నేనూ అదే అడిగేదాన్ని. పెంచితే గిన్నెల చప్పుడు చెవిలో గుచ్చుకునేది, మాట మాత్రం అలాగే ముద్దగా ఉండేది.

తర్వాత చూపించుకున్న ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షించి మిషన్లు సరిచేసే నిపుణులు) సౌండ్ జోలికి వెళ్లలేదు. సన్నటి మెత్తని ట్యూబును కర్ణభేరికి దగ్గరగా పెట్టి, దాని పక్కనే మిషన్ అమర్చి, స్పీకర్లో మాటలు వినిపించారు. కర్ణభేరి దగ్గరికి అసలు ఎంత శబ్దం చేరుతోందో స్క్రీన్ మీద గీతలుగా కనిపించింది. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇచ్చే మొదటి సెట్టింగు సగటు చెవిని లెక్కేసుకుని ఇచ్చేది. చెవి కాలువ కొలతలు మనిషికీ మనిషికీ మారతాయి కాబట్టి ఒకే సెట్టింగుతో లోపలికి చేరే శబ్దమూ మారుతుంది. ఎంత చేరాలో చెప్పే ఫార్ములాలు పరిశోధకులు తయారు చేసి పెట్టారు: ఆస్ట్రేలియా వాళ్ల ఎన్‌ఏఎల్, కెనడా వాళ్ల డీఎస్ఎల్. నా మిషన్లు హెచ్చు ఫ్రీక్వెన్సీల (సన్నటి, కీచు శబ్దాల) దగ్గర ఆ ఫార్ములా చెప్పిన గీతకు బాగా కింద ఉన్నాయి. స, ష లాంటి శబ్దాలు ఉండేది అక్కడే. సరిచేశాక కుడి చెవి కొంత తేరుకుంది. ఎడమ చెవిలో మార్పేమీ లేదు. ఈ పరీక్ష మొదటి రోజే ఎందుకు చేయరో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత మాటల పరీక్ష. పెదాలు కనబడకుండా రికార్డు చేసిన పదాలు వినిపిస్తారు, విన్నది తిరిగి చెప్పాలి. పెదాలు చూసి ఎంత నెట్టుకొస్తున్నానో అప్పుడు తెలిసింది. మెరుగైన చెవిలో సగటు వినికిడి లోపం 60 డెసిబెల్స్ లేదా అంతకంటే ఎక్కువుండి, పదాల స్కోరు 60 శాతం దాటకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ (సర్జరీ చేసి లోపలి చెవిలో పెట్టే పరికరం) పరీక్షలకు పంపాలని 2020లో వచ్చిన ఒక సూచన ఉంది. నా రెండు చెవులూ ఆ సూచన పరిధిలోకే వచ్చాయి. కాక్లియాలో, అంటే నత్త గుల్లలా చుట్టుకుని ఉండే లోపలి చెవి భాగంలో, శబ్దాన్ని నరానికి అందించే లోపలి హెయిర్ సెల్స్ సుమారు 3,500 ఉంటాయట. అవి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ మొలవవు. అందుకునే కణాలే లేనప్పుడు శబ్దం ఎంత పెంచితే ఏం లాభం? ఇంప్లాంట్ ఆ కణాలను దాటేసి, కాక్లియాలో పెట్టిన సన్నటి ఎలక్ట్రోడ్లతో నేరుగా నరానికే కరెంటు అందిస్తుంది.

సీటీ, ఎమ్మారై, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) రాకుండా న్యుమోకాకల్ టీకా, ఇవన్నీ వరసగా అయిపోయాయి. ఇంప్లాంట్ ఎడమ చెవికి. సర్జరీ కంటే ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెట్టడమే ఎక్కువ టెన్షన్ పెట్టింది. ఆ చెవిలో మిగిలిన కాస్త సహజ వినికిడి కూడా పోవచ్చని ముందే చెప్పారు. పోయింది కూడా.

కుట్లు మానాక, కొన్ని వారాలకు స్విచ్ ఆన్ చేశారు. వీడియోల్లో అందరూ ఆనందంతో ఏడుస్తుంటారు. నాకు మాత్రం ఈలలు, టిక్కుటిక్కులు తప్ప ఏమీ వినపడలేదు. నాది 22 ఎలక్ట్రోడ్ల రకం. 12, 16 ఉన్నవీ ఉన్నాయి. ఒక్కో ఎలక్ట్రోడ్‌కూ లీలగా వినబడే కరెంటు ఎంత, ఇబ్బంది లేకుండా గట్టిగా వినబడేది ఎంత అని కొలుస్తారు. దీన్నే మ్యాపింగ్ అంటారు. చెప్పాల్సింది మనమే. ఒకచోట కరెంటు పెంచగానే నా చెంప అదిరింది. ముఖ నరం పక్కనుంచే పోతుందట. ఆ ఎలక్ట్రోడ్‌ను ఆపేసి దాని పనిని మిగతావాటికి పంచారు. అన్నిటికీ ఒకేసారి కరెంటు ఇస్తే ఒకదాని ప్రవాహం ఇంకోదానిలో కలిసిపోతుంది. అందుకే ఒకదాని తర్వాత ఒకటిగా చకచకా పల్సులు పంపే పద్ధతిని పరిశోధకుడు బ్లేక్ విల్సన్ బృందం 1991లో ప్రచురించింది. ఈ రోజు వాడే చాలా పద్ధతులకు మూలం అదే.

మొదట్లో ఇంట్లో అందరి గొంతులూ కార్టూన్ బొమ్మలు మాట్లాడినట్టే ఉండేవి. తక్కువ ఫ్రీక్వెన్సీలను (లావు గొంతు శబ్దాలను) అందుకునే కాక్లియా చివరిదాకా ఎలక్ట్రోడ్లు సాధారణంగా చేరవు కాబట్టి గొంతులు సన్నబడినట్టు తోస్తాయి. మెదడు అలవాటు పడాలి. రోజూ కుడి చెవి మిషన్ తీసేసి, పుస్తకం చూస్తూ దాని ఆడియో వినేదాన్ని. తర్వాత పుస్తకం మూసి విన్నాను. పట్టు, తట్టు, కట్టు చాలాకాలం తేడా తెలియలేదు. పెదాలు చూస్తే 'ప' దొరికిపోతుంది, కానీ మిగతా రెండూ నోటి లోపల పుట్టేవి. ఇంప్లాంట్‌కు శబ్దం అందించే, బయట పెట్టుకునే ప్రాసెసర్‌ను రోజుకు ఎన్ని గంటలు పెట్టుకున్నానో అదే రాసి పెట్టుకుంటుంది, ఆడియాలజిస్టుకు అబద్ధం చెప్పే వీల్లేదు!

నెలలు గడిచేకొద్దీ గొంతులు మనుషుల గొంతులయ్యాయి. తెలిసినవాళ్లతో ఫోన్లో మాట్లాడగలుగుతున్నాను. గోల ఉన్నచోట ఇప్పటికీ కష్టమే, ఎదుటివాళ్ల చేతికి చిన్న రిమోట్ మైకు ఇస్తున్నాను. పాట మాత్రం ఇంప్లాంట్‌లో తాళం తెలుస్తుంది, రాగం తెలియదు. ఆ లోటు కుడి చెవి మిషన్ కొంత తీరుస్తోంది, తక్కువ ఫ్రీక్వెన్సీల వినికిడి అందులో ఇంకా మిగిలుంది. కుడి చెవికి కూడా ఇంప్లాంట్ పెట్టించుకుంటారా అని ఈమధ్య అడిగారు. ఆ వినికిడి ఉన్నంతకాలం వద్దన్నాను.