అంగారకుడిపై వడ్డీకి ఏ ఏడాది లెక్క?

అంగారకుడిపై ఊరు కట్టడం గురించి మాట్లాడేవారు చాలామంది రాకెట్ల దగ్గరే ఆగిపోతారు గానీ, నా ఆలోచన మాత్రం అక్కడి అప్పు పత్రం చుట్టూనే తిరుగుతుంది. అక్కడి సంవత్సరం మన లెక్కలో 687 రోజులు కాబట్టి, ‘ఏడాదికి 10 శాతం వడ్డీ’ అన్నది ఏ గ్రహపు ఏడాదికో పత్రంలోనే తేల్చకపోతే తగాదా ఖాయం. పైగా భూమికి సందేశం చేరడానికి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ఈ వ్యవధిలో ఒకే సొమ్మును రెండుచోట్లా ఖర్చుపెట్టే వీలుంటుంది గనుక, అక్కడికక్కడే లెక్క తేల్చే సొంత బ్యాంకు తప్పదు.

చట్టం ఇంకా చిక్కు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం ఏ దేశమూ అక్కడి నేలను తనదనడానికి వీల్లేదు, కానీ తాను నమోదు చేసిన నౌకపైనా అందులోని సిబ్బందిపైనా దాని అధికారం కొనసాగుతుంది. అంటే అక్కడి గదులను వేర్వేరు దేశాలు నమోదు చేసి ఉంటే, ఒక గది తలుపు దాటి పక్క గదిలోకి వెళితే వర్తించే చట్టమే మారిపోవచ్చు. ఇక పట్టా లేని నేలను తనఖా పట్టేదెవరు?

ప్రభుత్వం విషయంలో నా భయమంతా గాలి గురించే. అద్దె బాకీ పడ్డవారిని ఖాళీ చేయించడం అక్కడ మరణశిక్షతో సమానం. అందుకే ఏ బాకీ కిందా ప్రాణవాయువును ఆపరాదన్న నిబంధనను, ఎన్నికల పద్ధతి కంటే ముందే, రాజ్యాంగంలో రాసుకోవాలంటాను.