మా హీట్ పంపు: నీళ్లు కాగాయి, కరెంటు మిగల్లేదు

రోజుకు 5.8 యూనిట్లు తాగిన, నీళ్లు కాచే మా హీట్ పంపు నిన్నటికి 2.1కి దిగింది. మెషీన్ మార్చలేదు, దాని లోపలి గ్యాస్ ముట్టుకోలేదు. నలభై రోజులు సర్వీసువాళ్ల నోట "మీ ఇంట్లో వాడకం ఎక్కువ సార్" అని వినీ వినీ విసిగిపోయాను కాబట్టి, ఆ వేడి చల్లారకముందే రాస్తున్నా.

ఇది ఫ్రిజ్ లాంటిదే, కాకపోతే దిశ తిరగబడింది. బయటి గాలిలో ఉన్న వేడిని లాగి ట్యాంకులోని నీళ్లకు ఎక్కిస్తుంది. చలిదేశాల్లో ఇళ్లు వెచ్చగా ఉండేది చాలాచోట్ల దీనితోనే. గాలికీ నీటికీ వేడిలో తేడా ఎంత తక్కువైతే మెషీన్‌కు పని అంత తేలిక. నేల కింద పైపుల్లో 35 డిగ్రీల నీళ్లు తిప్పుకునేవాళ్లకు బాగా గిట్టుతుంది. గదిని వెచ్చబరిచే పాత రేడియేటర్లకు 55, 60 డిగ్రీల నీళ్లు పంపాలంటే అదే మెషీన్ ఆయాసపడుతుంది. చలి ముదిరితే బయటి కాయిల్ మీద మంచు కడుతుంది, దాన్ని కరిగించడానికి మళ్లీ కొంత కరెంటు. విజయనగరంలో మనకు ఇంటికి వేడి అక్కర్లేదు, స్నానానికి చాలు. జనవరి తెల్లవారుజామున కూడా గాలి పదహారు, పదిహేడు డిగ్రీలుంటుంది. దీనికి ఇంతకంటే మంచి ఊరు దొరకదు.

లోడు పెంచుకోవడం, లోడు మించితే పడిపోయే 16 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, విడిగా ఎర్తింగు: వారంలో అయిపోయాయి. 200 లీటర్ల మెషీన్, నిండితే మూడొందల కిలోల దాకా తూగుతుంది, అందుకని డాబా మీద కింద బీమ్ ఉన్నచోటే పెట్టించాను. వేడి లైనుకు వేడి తట్టుకునే సీపీవీసీ పైపు, దానిమీద ఫోమ్ తొడుగు. మామూలు పీవీసీ వేస్తానంటే ఒప్పుకోకండి.

ఇక లెక్క. ఆరుగురం, రోజుకు పన్నెండు బకెట్లు, బకెట్‌కు 20 లీటర్లు. 24 డిగ్రీల నీళ్లు 40కి రావాలి. లీటరు నీళ్లు ఒక డిగ్రీ పెరగడానికి 4.19 కిలోజౌళ్లు కావాలి. 240 లీటర్లు, 16 డిగ్రీలు, యూనిట్ అంటే 3600 కిలోజౌళ్లు: దాదాపు 4.5 యూనిట్ల వేడి. ట్యాంకు ఊరికే చల్లారడానికి ఇంకో 1.3 వేసుకున్నా 5.8. హీట్ పంపు యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి ఇస్తుందంటే మీటరులో రెండు తిరగాలి. ఈ మెషీన్‌కే విడిగా పెట్టిన నా సబ్‌మీటరులో 5.8 తిరిగింది. అంటే ఇంత ఖర్చుపెట్టి కొన్నది పాత గీజరులాగే పనిచేస్తోంది!

సర్వీసు నుంచి వచ్చిన కుర్రాడు సబ్‌మీటరు వైపు చూడనుకూడా లేదు. వీధిగుమ్మంలో నిలబడి ఇంట్లో ఆడవాళ్లని "అమ్మా, రోజుకెన్ని బకెట్లు పోసుకుంటారు, తలస్నానం ఎన్నిరోజులకి" అని అడిగాడు. అడగాల్సింది ట్యాంకుని. రెండోసారి వచ్చి సెట్టింగు 65కి పెంచి, "ఒకసారి బాగా కాగితే మళ్లీమళ్లీ ఆన్ అవదు సార్" అని వెళ్లిపోయాడు. ఆ వారం రీడింగు ఇంకా పెరిగింది. మీటరు లేకపోతే నేనూ వాడి మాటే నమ్మేవాణ్ని. మెషీన్ కొనేరోజే సబ్‌మీటరు కూడా కొనండి.

ఒక ఆదివారం పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా వేణ్ణీళ్లు ఎవర్నీ వాడనివ్వలేదు. అయినా మెషీన్ రెండుసార్లు లేచింది, 1.4 యూనిట్లు. మర్నాడు ట్యాంకు నుంచి బయటికొచ్చే బాల్ వాల్వు కట్టేసి అంతసేపే చూశాను. ఒక్కసారీ లేవలేదు. ట్యాంకు మంచిదే, ఏ కుళాయీ తిప్పకుండానే వేణ్ణీళ్లు ఎటో పోతున్నాయి. తడి మరక లేదు, చుక్క కారడం లేదు.

దొరికింది తెల్లవారుజామున అయిదింటికి, వంటింట్లో. ప్లంబరు చన్నీళ్ల కుళాయి కింద చెయ్యి పెట్టి "ఏటి బాబూ, ఇందులో వేణ్ణీళ్లొస్తన్నాయి!" అన్నాడు. మధ్యాహ్నం చూస్తే తెలియదు. డాబా మీద నల్ల ట్యాంకు ఎండకి కాగి, చన్నీళ్లు ఎలాగూ వెచ్చగానే ఉంటాయి కదా.

దొంగ కింది బాత్‌రూమ్‌లోని హ్యాండ్ షవరు. మిక్సరుకున్న రెండు పిడులూ తెరిచే ఉంచి, షవరు చివర బటన్‌తో నీళ్లు ఆపుతున్నాం. అలా వదిలితే మిక్సరు లోపల వేడి లైనూ చల్ల లైనూ కలిసిపోతాయి. వంటింటికి, వాషింగ్ మెషీన్‌కి, ఫ్లష్‌కి వెళ్లేది ఒకే ముప్పావు అంగుళం చల్ల లైను. ఎక్కడ నీళ్లు విప్పినా అందులో ప్రెషర్ పడిపోతుంది, వెంటనే వేణ్ణీళ్లు మిక్సరు గుండా అటు దూకుతాయి. అంటే రోజూ కాచిన నీళ్లతో ఫ్లష్ కొట్టుకున్నాం.

మందు చిన్నదే. పిడులు పూర్తిగా కట్టెయ్యడం, మరిచిపోయేవాళ్ల కోసం మిక్సరు ముందు రెండు లైన్లకీ నీళ్లు వెనక్కి పోనివ్వని నాన్‌రిటర్న్ వాల్వులు. స్ప్రింగు రకం తీసుకోకండి. డాబా ట్యాంకు నుంచి దిగే నీళ్లకి మీటరు ఎత్తుకి 0.1 బార్ ప్రెషరే ఉంటుంది, పైఅంతస్తులో అది స్ప్రింగు తోయడానికే సరిపోతుంది. ఫ్లాప్ రకం కావాలి, పడుకోబెట్టి బిగించాలి, బాణం గుర్తు నీళ్లు పారే వైపు. దీంతో 5.8 కాస్తా 3.6 అయింది.

మిగతాది మెట్లగది పుణ్యం. వానకి తడవదని డీలరు మనుషులు మెషీన్‌ని డాబా మీది ఆ గదిలో పెట్టారు. తలుపు మూసి థర్మామీటరు వేలాడదీస్తే గంటంబావులో 26 నుంచి 15కి పడింది. తను వదిలిన చల్లగాలినే తను పీలుస్తోంది. దానికి తోడు 65 సెట్టింగు. ఆర్134ఏ గ్యాస్ మెషీన్లు ఎక్కువగా 60 దాకానే కంప్రెసరుతో కాస్తాయి, ఆ పైన గీజరులో ఉండేలాంటి 1.5 కిలోవాట్ల ఎలిమెంటు అందుకుంటుంది. ఎలిమెంటు కరెంటుకి లాభం సున్నా. చల్లగాలి వదిలే నోటికి 160 మిల్లీమీటర్ల పీవీసీ పైపు తగిలించి కిటికీలోంచి బయటికి తీశాను, ఒకే ఒక్క వంపుతో. తలుపు కింద జాలీ పెట్టించాను. మోడ్ ఎకో, సెట్టింగు 52. గోరువెచ్చని నీళ్లలో న్యుమోనియా తెచ్చే లెజియొనెల్లా బాక్టీరియా పెరుగుతుంది కాబట్టి వారానికోసారి 60కి ఎక్కిస్తాను. ఇప్పుడు 2.1.

అందరూ కొనాలా అంటే, చెప్పలేను. మన దగ్గర వేణ్ణీళ్లు గట్టిగా వాడేది మూడు, నాలుగు నెలలు. ఇద్దరున్న ఇంటికి గీజరు చాలు. డాబా ఖాళీగా ఉంటే సోలార్ హీటరు ముందు చూడండి, తుపాను ముసురు రోజుల్లో తప్ప దానికి తిరుగులేదు. ఏడాది పొడుగునా నీళ్లు కాచే లాడ్జీ, హాస్టలు, నర్సింగ్‌హోమ్‌లకి మాత్రం హీట్ పంపే.

కళింగపట్నం, భావనపాడు వైపు వాళ్లయితే ఉప్పుగాలికి కాయిల్ మీది పల్చటి అల్యూమినియం రేకులు (ఫిన్లు) తెల్లగా పొడిరాలుతాయి. పూత వేసిన కాయిల్ అడగండి, నెలకోసారి మంచినీళ్లతో మెల్లగా కడగండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చూసినవాళ్లకి, మెషీన్‌ని కదలకుండా బిగించే యాంకర్ బోల్టుల సంగతి చెప్పక్కర్లేదు. ముసురులో కాయిల్ నుంచి కారే నీళ్లకి వాలున్న డ్రెయిన్ పైపు ఉండాలి. ఆ నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే తెలివి వద్దు, కాయిల్ దుమ్మంతా అందులోనే ఉంటుంది.

బోరునీళ్లయితే ట్యాంకులోని మెగ్నీషియం రాడ్డుని ఏడాదికోసారి తీసి చూడాలి, అది అరిగిపోతే తుప్పు ట్యాంకుని పట్టుకుంటుంది. మా రాడ్డు పైనుంచి నిలువుగా వస్తుంది. పైన శ్లాబుకీ దానికీ మధ్య జానెడు ఖాళీ. డీలరు మనుషులు అది కూడా చూసుకోలేదు.