చేయి అందించకుండా నిలబడటం

విజయవాడలో నాలుగున్నరేళ్ళ ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ చదివే రోజుల్లో మా విభాగానికి వచ్చేవాళ్ళు చాలామంది గుమ్మంలోనే ‘కరెంటు పెట్టించుకోవడానికి వచ్చామండీ’ అనేవారు. మోకాలికి మైనం పూత, నడుముకు ఐఎఫ్‌టీ అనే కరెంటు చికిత్స, భుజానికి అల్ట్రాసౌండ్ పెడితే, ఒళ్ళు చురుక్కుమన్నప్పుడే వైద్యం జరిగినట్టు లెక్క. వ్యాయామం నేర్పుతామంటే ‘అది ఇంటి దగ్గర చేసుకుంటాం లెండి’ అంటూ చెప్పులేసుకునేవారు. నా డిగ్రీని ఎఫ్‌సీసీపీటీ అనే సంస్థ వాళ్ళు అమెరికా డిగ్రీకి సమానమో కాదో మదింపు చేశాక, అప్పట్లో అయిదు గంటల్లో 250 ప్రశ్నలు రాయించిన లైసెన్సు పరీక్ష గట్టెక్కి, 2016లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ శివార్లలోని ఒక నర్సింగ్ హోమ్‌లో చేరాను. ఆ మాట విని మా అమ్మ పురుళ్ళ ఆసుపత్రి అనుకుంది. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే, పక్షవాతం వచ్చినవాళ్ళనో తుంటి విరిగినవాళ్ళనో పెద్దాసుపత్రి నాలుగైదు రోజులకే బయటికి పంపేస్తే, ఇంటికి వెళ్ళగలిగేదాకా ఉంచి కోలుకునేలా చేసే చోటు. వెళ్ళలేనివాళ్ళు అక్కడే ఉండిపోతారు.

మొదటి నెలలోనే ఒక పొరపాటు చేశాను. కార్ల కర్మాగారంలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు పక్షవాతంతో వచ్చారు. చక్రాల కుర్చీలోంచి లేవడానికి ఆయన అవస్థ పడుతుంటే చూడలేక, నడుముకు కట్టిన గెయిట్ బెల్టు పట్టుకుని ఒక్క ఊపున లేపి నిలబెట్టాను. పక్కనున్న సీనియర్ నన్ను పక్కకు పిలిచి, ‘ఇప్పుడు లేచింది ఆయనా, నువ్వా?’ అని అడిగింది. ఆ ప్రశ్నకు అర్థం రోగి పత్రాలు రాస్తున్నప్పుడు బోధపడింది. ఈ వృత్తిలో సాయానికి కొలతలున్నాయి. శ్రమలో ముప్పాతిక లేదా అంతకు మించి రోగిదే అయితే ‘మినిమం అసిస్ట్’, సగానికీ ముప్పాతికకూ మధ్య అయితే ‘మోడరేట్’, పావుకూ సగానికీ మధ్య అయితే ‘మాక్సిమం’. చేయి తాకించి ఉంచి, బలం మాత్రం వెయ్యకపోతే ‘కాంటాక్ట్ గార్డ్’. ఆ పూట పెద్దాయన శ్రమ ఎంతో నేను రాయలేకపోయాను, ఎందుకంటే మొత్తం నాదే. పెద్దవాళ్ళు లేవబోతుంటే పరుగున వెళ్ళి రెక్క పట్టుకోవడం మర్యాదగా నేర్చుకున్న నాకు, పడిపోకుండా కాపు కాస్తూనే చేతులు అందించకుండా నిలబడటం పరీక్షలో నెగ్గడం కంటే కష్టమైంది.

మా జిమ్‌లో మూడు రకాల థెరపిస్టులం పనిచేస్తాం. స్థూలంగా చెప్పాలంటే లేవడం, నడవడం, మెట్లెక్కడం మా ఫిజికల్ థెరపీ వంతు. స్నానం, బట్టలు, వంట, మందులు సర్దుకోవడం వంటి రోజువారీ పనులు ఆక్యుపేషనల్ థెరపీ వంతు. చదువుకునే రోజుల్లో ఈ రెండో దాన్ని చేతి వేళ్ళకు పూసలు గుచ్చించే పనిగా కొంచెం చులకనగానే చూశామని ఒప్పుకోవాలి. దాని సంఘం 1917లో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో ఏర్పడినప్పుడు, స్థాపకుల్లో ఒకరైన జార్జ్ బార్టన్ వైద్యుడు కాదు, భవనాల నమూనాలు గీసే ఆర్కిటెక్టు. ఎడమవైపు చచ్చుబడిన శరీరానికి తానే పనులు అప్పజెప్పుకుని తేరుకున్న మనిషి. రోగి స్వయంగా చెయ్యి వేసి నిలబెట్టిన వృత్తి అది.

ఇక స్పీచ్ థెరపీ. పేరునుబట్టి మాటలు రానివాళ్ళకు మాటలు నేర్పడమే అనుకున్నాను గానీ, మా దగ్గర ఆ థెరపిస్టు రోజులో సగం గడిచేది భోజనశాలలోనే. పక్షవాతం గొంతు కండరాలనూ దెబ్బతీస్తుంది కాబట్టి, పలచటి నీళ్ళు ఒక్కోసారి దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియాకు దారితీస్తాయి. అందుకని నీళ్ళకూ కాఫీకీ పొడి కలిపి చిక్కగా చేసి ఇస్తారు, గడ్డం దించి మింగడం వంటి ఉపాయాలు ఎవరికి పనికొస్తాయో పరీక్షించి నేర్పుతారు. పొలమారితే నడినెత్తిన తట్టి ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అనే ఇంట్లో పెరిగినవాణ్ణి. ఇప్పుడు ఎవరికి పొలమారినా, తలుచుకున్నవాళ్ళు గుర్తుకు రావడానికి ముందే గుక్క ఎంత పెద్దదో చూడటం అలవాటైపోయింది.

వీటన్నిటి మీదా నిమిషాల లెక్క ఒకటుంటుంది. నేను చేరిన కొత్తలో మెడికేర్, అంటే ఇక్కడి పెద్దవాళ్ళకుండే ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఇచ్చే సొమ్ము థెరపీ నిమిషాలను బట్టి ఉండేది. వారానికి 720 నిమిషాలు నిండితే అన్నిటికంటే పై శ్రేణి. జ్వరంతో మూలుగుతున్న ముసలామె దగ్గర కూడా ‘ఇంకా పదకొండు నిమిషాలు కావాలి’ అని మేనేజరు గడియారం చూపించిన రోజులున్నాయి. 2019 అక్టోబరు 1 నుంచి పీడీపీఎం అనే కొత్త పద్ధతి వచ్చి, నిమిషాల బదులు రోగి స్థితిని బట్టి చెల్లించడం మొదలైంది. ఆ వారంలోనే మా దగ్గర ఇద్దరి ఉద్యోగాలు పోయాయి, మిగిలినవాళ్ళ పని గంటలు కోసేశారు. నిన్నటిదాకా డెబ్భై నిమిషాలు తప్పనిసరి అన్న రోగికే నలభై చాలన్నారు. రోగి మాత్రం ఆ ముందు వారం రోగే. నాకు కోపం తెప్పించింది కొత్త పద్ధతి కాదు, రెండు అంకెలనూ ఒకే నమ్మకంతో పలికిన ఆ గొంతు.

ఈ ఉద్యోగంలో నాకు బాగా గుర్తుండిపోయినావిడ తెలుగావిడే. కొడుకు దగ్గరే స్థిరపడిన ఆవిడ, ఫిబ్రవరిలో ఇంటి ముందు మంచు మీద కాలుజారి పడితే తుంటి విరిగి, కీలులో సగం మార్చారు. ఆవిడకు చేసిన రకం ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు తుంటి తొంభై డిగ్రీలకు మించి వంగకూడదు, కాలు మీద కాలు వెయ్యకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. మా ఆక్యుపేషనల్ థెరపిస్టు ఇరవయ్యేళ్ళ అనుభవమున్న మిషిగన్ మహిళ. వంగకుండా ప్యాంటు తొడుక్కునే విధానం చూపిస్తుంటే ఆవిడ మర్యాదగా అంతా విని, నావైపు తిరిగి ‘బాబూ, ఇది నాకెందుకు? నా చీర నేను కట్టుకోగలిగితే చాలు’ అన్నారు. కోడలు ‘నేను కడతానుగా అత్తయ్యా’ అనబోతే, ‘నువ్వు ఆఫీసుకు పోయాక ఎవరు కడతారమ్మా?’ అన్నారు.

మా సహోద్యోగి అంతవరకు చీరను దగ్గరగా చూసింది లేదు. పెద్దావిడ చెబుతుంటే నేను ఇంగ్లీషులోకి మారుస్తూ, ముగ్గురం కలిసి ఆ పనిని ముక్కలు ముక్కలుగా విడదీశాం. లంగాను కాళ్ళలోంచి కాక తలమీదుగా వేసుకోవచ్చు. మొదటి చుట్టు మంచం అంచున కూర్చునే చుట్టుకోవచ్చు. చిక్కంతా కుచ్చిళ్ళ దగ్గరే, ఎందుకంటే వాటికి రెండు చేతులూ కావాలి, రెండు చేతులూ వాకరు వదిలెయ్యాలి. అంటే కుచ్చిళ్ళు పోసుకోవడం నా పద్దులోకి వచ్చింది: ఏ ఆసరా పట్టుకోకుండా అయిదు నిమిషాలు నిలబడాలి. తువ్వాలు మడతలతో మొదలుపెట్టి రెండు వారాలు అదే సాధన చేశాం. కింది అంచు సరిచేసుకోవడానికి వంగకూడదు కాబట్టి, నేల మీద పడినవి అందుకునే పొడుగాటి పట్టుకర్రతో అంచు లాక్కోవడం మా సహోద్యోగి ఊహ.

ఇంటికి వెళ్ళే ముందు రోజు ఆవిడ లేత ఆకుపచ్చ నేత చీర తెప్పించుకున్నారు. ఇరవై నిమిషాలు పట్టింది. మూడో కుచ్చి జారినప్పుడు కోడలి చెయ్యి ముందుకొచ్చి, ఆవిడ చూపుకు ఆగిపోయింది. నేను వెనకాల అరచేతులు తెరిచి నిలబడ్డాను, తాకలేదు. కుచ్చిళ్ళు ఎగుడుదిగుడుగానే వచ్చాయి. ‘ఇంకా నయం, పెళ్ళికి పోవడం లేదు’ అని కొంగు భుజాన వేసుకున్నారు.

తర్వాత మా సహోద్యోగి కంప్యూటరు ముందు కూర్చుని ఆగిపోయింది. పై బట్టలకు ఒక గడి, కింది బట్టలకు ఇంకో గడి, రోగికి ఎంత సాయం కావాలో దాన్నిబట్టి ఒక్కోదానికి ఒకటి నుంచి ఆరు దాకా అంకె వెయ్యాలి. చీర ఏ గడిలోకి వస్తుందని అడిగింది. రెండిట్లోకీ అన్నాను. కాసేపు ఆలోచించి, పర్యవేక్షణ మాత్రమే అవసరమనే అర్థంలో రెండిట్లోనూ నాలుగు వేసింది.