పాప బువ్వ ఎందుకు తినట్లేదో నోరు తెరిచి చూస్తేనే తెలిసింది

మా చెల్లె పోయాక దాని బిడ్డను నేనే సాదుకుంటున్నాను. నా దగ్గరికి వచ్చేనాటికి పాపకు రెండున్నరేళ్లు, బరువు 8 కిలోలు. హెచ్ఐవీ అని తేలాక వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో మందులు మొదలుపెట్టారు. ఉచితమే, నీళ్లలో కరిగే మాత్రలు కాబట్టి తాగించడం కష్టం కాలేదు. కష్టమంతా బువ్వ దగ్గరే.

రెండు ముద్దలకే ఏడుపు, పచ్చిపులుసు అన్నమైతే మరీను. మారాం చేస్తోందనుకుని ఒకట్రెండుసార్లు గద్దించాను కూడా, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఊళ్లో చూపిస్తే ఆకలి పుట్టడానికని ఒక టానిక్, రక్తం పట్టడానికని ఐరన్ సిరప్ ఇచ్చారు, నోరు మాత్రం ఎవరూ చూడలేదు.

మళ్లీ మందులకు వెళ్లినప్పుడు డాక్టర్ మేడమ్ టార్చి వేసి చూశారు. నాలుక మీద, బుగ్గల లోపల విరిగిన పాలలాగా తెల్లటి పొర. ఫంగస్ అట, రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లలకు తరచూ వస్తుందట. ఆకలి లేక కాదు, నొప్పికి తినలేదు నా బిడ్డ! నోట్లో పూసే మందు ఇచ్చారు. సిరప్ సంగతి కూడా అప్పుడే తెలిసింది: పాప వాడే హెచ్ఐవీ మందుల్లో ఒకటైన డోలుటెగ్రావిర్ మాత్రను ఖాళీ కడుపున ఐరన్‌తో కలిపి ఇస్తే ఒంటికి సరిగా పట్టదు, సిరప్‌కు 2 గంటల ముందు గానీ 6 గంటల తర్వాత గానీ ఇవ్వాలి.

వారం పది రోజులకు తినడం మొదలుపెట్టింది. హెచ్ఐవీ ఉండి లక్షణాలు లేని పిల్లలకే మామూలు కన్నా 10 శాతం ఎక్కువ తిండి కావాలని, బరువు తగ్గిపోతుంటే 50 నుంచి 100 శాతం దాకా ఎక్కువ పెట్టాలని కౌన్సెలర్ చెప్పారు. అంత తిండి ఒక్కపూటలో ఎలా పడుతుంది? అందుకే రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెం పెట్టాను: పాలు పోసిన రాగిజావ, నెయ్యి వేసిన పప్పన్నం, గుడ్డు, పల్లీల పొడి కలిపిన మెత్తటి గట్క. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం కూడా. అక్కడ జబ్బు సంగతి చెప్పలేదు, కోర్టు ఆదేశిస్తే తప్ప చెప్పమని బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదని 2017 హెచ్ఐవీ చట్టంలోనే ఉంది.

10 కిలోలు రావడానికి ఏడు నెలలు పట్టింది. ఈ మందుల డోసు బరువును బట్టే కాబట్టి ఆ రోజే మాత్రలు ఒకటిన్నర నుంచి రెండు చేశారు. ఇప్పటికీ తినడం కాస్త తగ్గినా ముందు టార్చి వేసి చూస్తాను, పాపకు కూడా అలవాటైపోయి నేను అడగకముందే 'ఆ' అని నోరు తెరుస్తుంది.