వంద చాలు సార్ అన్నడు

ఈరోజు ఆదివారం. మిరుగం కార్తె వచ్చి వారమైంది. చేపలు తినుడైతే తిన్నాం గానీ అమ్మ తెప్పించుకున్న పది మల్లె అంట్లు ఇంకా కవర్లలోనే ఉన్నాయి. ఇంటి వెనక 40 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు జాగ. నిరుడు అక్కడ తుంగ పీకీ పీకీ అమ్మ నడుం పట్టేసింది. అందుకే ఈసారి కలుపు మొలవకుండా నేల మీద కప్పే నల్ల వీడ్ మ్యాట్ పరుద్దామని నేనే పట్టుబట్టాను. (తుంగ దాన్నీ పొడుచుకొని వస్తదని నాయిన అప్పుడే అన్నాడు. రావచ్చు. అయినా గరిక, వయ్యారిభామ అన్నా ఆగుతాయి గదా.)

నిన్న నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర ఒక దుకాణంలో 4 అడుగుల పన్నా మ్యాట్ తీసుకున్నాను. దాన్ని నేలకు బిగించే పిన్నులెన్ని కావాలంటే కొట్టతను జాగ ఎంతని అడిగాడు. 400 చదరపు అడుగులన్నాను. “నాలుగు చదరపు అడుగులకు ఒకటి. వంద చాలు సార్” అన్నాడు. లెక్క మంచిగనే ఉందనిపించి వంద తెచ్చుకున్నాను. ఆరంగుళాల కాళ్ళతో వంచిన తీగ ముక్కలు. అమ్మ ఒకటి చేతిలోకి తీసుకొని తిప్పి చూసి, “ఇది నా కొప్పు పిన్నే గదరా, జెర లావైంది” అంది.

పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం. డ్రిప్పు పైపులు కింద వేసి, మీద మూడు పట్టీలు పరిచాం. ఒకదాని మీదికి ఒకటి ఆరంగుళాలు ఎక్కిస్తే మొత్తం 11 అడుగులొచ్చింది. ఎక్కువైన అడుగును రెండు పక్కలా చిన్న కాలువ తీసి అందులోకి మడిచాం. కత్తెరతో కోసిన చోటల్లా దారాలు ఊడొస్తుంటే నాయిన బీడీ లైటరుతో అంచు కాల్చుకుంటూ పోయాడు. ప్లాస్టిక్ కమురు వాసన ఇప్పటికీ ముక్కుల ఉంది.

ఒక పక్క అంచుకు 21, మొదటి అతుకుకు 41, పట్టీ నడుమ 9 కొట్టేసరికి డబ్బాలో 29 మిగిలాయి. ఇంకా రెండు పట్టీలు అట్లనే ఉన్నాయి.

నాయిన గొంతుక్కూచొని చూస్తూ, “నడుమ ఎందుకు కొడుతున్నవ్‌రా?” అన్నాడు. పోయిన యాసంగి వడ్లు ఐకేపీ కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసి, టార్పాలిన్ పట్టా కప్పి కావలి పడుకున్న మనిషి. “పట్టా మీద రాళ్ళు యాడ వెట్టినం? అంచులకే గదా. గాలికి అంచు దొరికితే సాలు, లోపటికి దూరి మొత్తం లేపుతది. నడుమల నుంచి వస్తదా?”

అప్పుడు యూరియా బిల్లు వెనక కూచొని రాశాను. పొడుగు అంచులు రెండు, రెండడుగులకొకటి: 42. పొట్టి అంచులకు మూలలు పోను 8. అతుకులు రెండు, అడుగుకొకటి: 82. పట్టీల నడుమ నాలుగడుగులకొకటి: 27. మొక్కకు ఇంటూ గుర్తులా కోసిన పొక్క దగ్గర రెండేసి: 20. మొత్తం 179. వంగిపోయేవి కలుపుకుంటే 200. కొట్టతను జాగను లెక్కపెట్టాడు, పిన్నులు పోయేది అంచులకు. సగం దాకా అతుకులే తిన్నాయి. అదే పది, పదకొండు అడుగుల పన్నా దొరికి ఉంటే ఆ 82 లేనే లేవు. పన్నా చిన్నదైతే సస్త అనుకొని తెచ్చింది నేనే, ఆయన్ను అని ఏం లాభం.

ఆదివారం మా ఊళ్ళో ఇనుప సామాను కొట్టు తెరవరు. దొండ పందిరికి తెచ్చిన 8 నంబరు జీఐ తీగ మిగిలింది రెండు కిలోలుంటే నాయిన బయటికి తీశాడు. 13 అంగుళాల ముక్క కోసి, గడ్డపార మీద వంచితే ఒక పిన్ను. కిలోకు ముప్ఫై దాకా వచ్చాయి. ముప్ఫయ్యో ముక్క దగ్గర నా బొటనవేలికి పొక్కు లేచింది, మిగతావి ఆయనే వంచాడు.

మా దగ్గర పైన నాలుగంగుళాలు ఎర్ర దుబ్బ, కింద మొరం. సుత్తితో ఒక్కటి గట్టిగా వేస్తే పిన్ను కాలు అడ్డం తిరుగుతుంది. గడ్డపార మొనతో ముందు పొక్క చేసి కొట్టినం, అదీ మూడంగుళాలే, లోతు చేస్తే వదులై ఊడొస్తది. జెర ఏటవాలుగా దించితే ఇంకా గట్టిగ పట్టుకుంటున్నది. అప్పటికే తొమ్మిది వంగినయి.

నడుమ కొట్టిన తొమ్మిదిటినీ పీకి అతుకుకు తెచ్చాం. అంచులు, అతుకులు అయ్యాక చేతిలో 19 మిగిలాయి. మొక్కకు రెండు చొప్పున తొమ్మిదింటికి పెట్టి, పదో మల్లెకు ఒక పిన్ను, ఒక ఇటుక ముక్క పెట్టాను. నడుమకు గట్టు మీది రాళ్ళు 27 ఏరుకొచ్చి పెట్టాం.

రాత్రి తొమ్మిదైంది, గాలి లేచింది. ఒక మూల టపటపమంటున్నది. నాయిన టార్చిలైటు పట్టుకొని పోయి చూసొచ్చాడు. మ్యాట్ కాదు, అమ్మ ఆరేసిన చీర.